పాశమైలారం నుంచి ఫోన్ వస్తే తెర మీద ఏ నంబర్ కనబడుతోంది?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఒక అలవాటు గట్టిపడిపోయింది. తెలియని నంబర్ నుంచి కాల్ వస్తే ఎత్తరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. లోన్ కావాలా అని ఒకడు, కేవైసీ ఆగిపోయింది అని ఇంకొకడు, పోలీసులమంటూ 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాడు మరొకడు. పిల్లలే అమ్మీకి గట్టిగా చెప్పిపెడుతున్నారు, పేరు లేని నంబర్ అసలు ఎత్తొద్దని. చిక్కల్లా ఏమిటంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చే నిజమైన కాల్ కూడా పేరు లేని నంబర్ నుంచే వస్తోంది.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. చనిపోయినట్టు తేలినవారు 46 మంది, ఆచూకీ దొరక్క చనిపోయినట్టే లెక్కగట్టినవారు 8 మంది, మొత్తం 54. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న మృతదేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. పనివాళ్లలో ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. అంత దూరాన ఉన్న కుటుంబాలకు మొదట దిక్కు ఫోనే. అలాంటి రోజున కంపెనీ నుంచో, ఆస్పత్రి నుంచో వచ్చిన కాల్‌ను ఇంట్లోవాళ్లు గుర్తుపట్టగలగాలి. ఎత్తలేకపోతే అదే నంబర్‌కు తిరిగి చేస్తే మనిషి పలకాలి. ఈ రెండూ ఫ్యాక్టరీ ఆఫీసులో ఏ మూలో ఉన్న ఎక్స్ఛేంజ్ డబ్బాలోని ఒక సెట్టింగ్ మీద ఆధారపడి ఉన్నాయి. దాన్నే అవుట్‌గోయింగ్ కాలర్ ఐడీ అంటారు.

అది పనిచేసే తీరు ఇది. కాస్త పెద్ద ఫ్యాక్టరీలో టేబుల్ టేబుల్‌కు ఎక్స్‌టెన్షన్ ఫోన్ ఉంటుంది. బయటికి వెళ్లే లైన్లు మాత్రం కొన్నే. పాత పద్ధతిలో ఒక పీఆర్ఐ లైన్ తీసుకుంటే ఒకేసారి 30 కాల్స్ దాకా నడుస్తాయి. ఇప్పుడు ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ట్రంక్ ఎక్కువైంది. హెచ్ఆర్ టేబుల్ నుంచి ఎవరైనా డయల్ చేస్తే, అవతల ఏ నంబర్ కనబడాలో ముందు ఈ డబ్బాయే టెలికాం కంపెనీకి చెబుతుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు వేరే నంబర్ పెట్టవచ్చు, అన్నిటికీ కలిపి ఒకే మెయిన్ నంబర్ పెట్టవచ్చు. అయితే టెలికాం కంపెనీ దాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోదు. ఆ కనెక్షన్ కింద ఇచ్చిన నంబర్లలోదే అయితే పంపిస్తుంది. కాకపోతే తనకు తోచిన మెయిన్ నంబర్ వేస్తుంది, లేదంటే కాల్‌నే ఆపేస్తుంది.

తప్పులు ఇక్కడే జరుగుతాయి. సంగారెడ్డి ల్యాండ్‌లైన్ కోడ్ 08455, దాని వెనక ఆరంకెల నంబర్. సిస్టమ్ బిగించినవాడు కోడ్ మరిచిపోయి ఆ ఆరంకెలే పెడితే, మొబైల్‌లో మిస్డ్ కాల్ చూసినవాళ్లు దానికి తిరిగి చేసినా కలవదు. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉంటే 040 కనబడుతుంది. క్లౌడ్ ఫోన్ సర్వీసు తీసుకుంటే బెంగళూరు 080 కూడా కనబడవచ్చు. సదాశివపేటలో ఉన్న తల్లి దాన్ని చూసి 'మళ్లీ లోన్ వాడే' అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఇంకో రకం ఉంది. కాల్ బయటికి బాగానే వెళ్తుంది, తిరిగి చేస్తే మాత్రం రికార్డు చేసిన గొంతు 'ఎక్స్‌టెన్షన్ నంబర్ నొక్కండి' అంటుంది. ఏ ఎక్స్‌టెన్షనో ఇంట్లోవాళ్లకేం తెలుసు? సాయంత్రం ఆరు దాటితే రిసెప్షన్‌లో మనిషి ఉండడు. నైట్ షిఫ్ట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ప్రభుత్వం దృష్టి అంతా ఇప్పటిదాకా మోసగాళ్ల మీదే ఉంది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం టెలికాం గుర్తింపును తారుమారు చేస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. విదేశాల నుంచి వస్తూ +91 నంబర్‌లా కనబడే దొంగ కాల్స్‌ను ఆపే వ్యవస్థను 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టారు. తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ పట్టుబడ్డాయని కేంద్రం చెప్పింది. బ్యాంకులు కస్టమర్లకు చేసే సర్వీసు కాల్స్ 1600 సిరీస్ నుంచే రావాలని ట్రాయ్ ఆదేశించింది, వాణిజ్య బ్యాంకులకు గడువు 2026 జనవరి 1. ప్రచార కాల్స్‌కు 140 సిరీస్ ముందే ఉంది. ఇవన్నీ మంచివే. అయితే పాశమైలారం ఫ్యాక్టరీకి 1600 నంబర్ దొరకదు, అది బ్యాంకులు, బీమా, ప్రభుత్వ సంస్థల లాంటి వాటి కోసం పెట్టింది. అంటే బ్యాంకు కాల్‌ను గుర్తుపట్టే దారి దొరికింది, కొడుకు పనిచేసే ప్లాంట్ కాల్‌కు ఇంకా దొరకలేదు.

ఆ లోటును సీనాప్ తీరుస్తుందని ఒక ఆశ. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆ పేరును తెర మీద చూపించే ఏర్పాటు ఇది. 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫారసు చేసింది, కోరినవాళ్లకే కాకుండా అందరికీ ఇవ్వాలని 2025 అక్టోబర్‌లో టెలికాం శాఖతో ఒక మాటకు వచ్చింది. వ్యాపార కనెక్షన్లు ఉన్న సంస్థలు రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్క్ పేరునో, జీఎస్టీలోని పేరునో చూపించుకోవచ్చని కూడా ఆ సిఫారసుల్లో ఉంది. ఫ్యాక్టరీలు ఈ వెసులుబాటును వాడుకుంటే ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు కూడా పేరు చదివి ఫోన్ ఎత్తుతారు.

కానీ ఈ బెల్ట్‌లో కుటుంబాలకు ఫోన్ చేసేది ఎప్పుడూ ఫ్యాక్టరీయే కాదు. చాలా యూనిట్లలో పనివాళ్లు కాంట్రాక్టర్ కింద ఉంటారు. జ్వరం వచ్చినా, చెయ్యి మెషీన్‌లో పడినా సూపర్‌వైజరో, కాంట్రాక్టర్ మనిషో తన సొంత మొబైల్ నుంచి చేస్తాడు. ఆ సిమ్ వాళ్ల అన్న పేరు మీదో, బావమరిది పేరు మీదో ఉంటే సీనాప్ ఆ పేరే చూపిస్తుంది. ఎవరో తెలియని పేరు చూసి ఇంట్లోవాళ్లు ఫోన్ పక్కన పెడతారు. ఎక్స్ఛేంజ్ ఎంత బాగా సెట్ చేసినా, కబురు దాని గుండా వెళ్లకపోతే ఏం లాభం? కాంట్రాక్ట్ కార్మికుల ఇంటి నంబర్లు కంపెనీ దగ్గర ఉండాలి, ప్రమాదం కబురు కంపెనీ మెయిన్ నంబర్ నుంచే వెళ్లాలి. ఇది అసలు మేనేజ్‌మెంట్ బాధ్యత, కాంట్రాక్టర్ మీదికి తోసేసేది కాదు.

ఖర్చు దగ్గర సాకులు చెల్లవు. కాలర్ ఐడీ సరిచేయడానికి కొత్త మెషీన్ అక్కర్లేదు, సిస్టమ్ చూసే టెక్నీషియన్‌కు ఒక పూట పని. ప్రతి ఎక్స్‌టెన్షన్ నుంచి ఒక మొబైల్‌కు కాల్ చేసి ఏ నంబర్ పడిందో రాసుకోవాలి, ఆ నంబర్‌కు తిరిగి చేసి ఎవరు ఎత్తారో చూడాలి. రాత్రి రెండు గంటలకు కూడా ఒకసారి చేసి చూడాలి. రిసెప్షన్ మూసిన తర్వాత వచ్చే కాల్స్ సెక్యూరిటీ గేటు ఫోన్‌కు మళ్లేలా పెట్టవచ్చు. గేటు దగ్గర మనిషి ఎప్పుడూ ఉంటాడు కదా. ఒక జాగ్రత్త కూడా ఉంది. అదే లైన్ మీద సేల్స్ వాళ్లు ప్రచార కాల్స్ మొదలుపెడితే అసలుకే మోసం వస్తుంది. రిజిస్టర్ కాకుండా ప్రచార కాల్స్ చేసేవాళ్ల సిప్, పీఆర్ఐ లైన్లు కోసేసి రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాలని 2024 ఆగస్టులోనే ట్రాయ్ ఆదేశించింది.

ఇళ్ల వైపు నుంచి చేయాల్సింది ఒకటుంది. డ్యూటీకి వెళ్లే మనిషి తన కంపెనీ మెయిన్ నంబర్‌ను, గేటు నంబర్‌ను కోడ్‌తో సహా తల్లి ఫోన్‌లోనూ భార్య ఫోన్‌లోనూ పేరు పెట్టి సేవ్ చేయాలి. ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలోనే పెట్టవచ్చు. సేవ్ చేసేముందు ఆ నంబర్ నుంచి ఒకసారి ఇంటికి ఫోన్ చేయించుకోవాలి. ఐడీ కార్డు మీద అచ్చైన నంబర్ ఒకటి, తెర మీద పడే నంబర్ ఇంకొకటి అయితే ఆ సంగతి అక్కడే బయటపడుతుంది. అప్పుడు హెచ్ఆర్‌ను అడగవచ్చు, లిఖితపూర్వకంగా అడిగితే ఇంకా మంచిది.