నోట మాట రానివాడి చేతికి రంగులివ్వండి

మన కళాశాల వార్షిక సంచికలో ఏటా విద్యార్థుల క్రమశిక్షణ గురించి ఒక వ్యాసమైనా ఉంటుంది. ఈ ఏడు దాన్ని కాస్త పక్కకు జరిపి, విద్యార్థుల దుఃఖం గురించి రాయదలచాను. దుఃఖమంటే విఫలప్రేమ కవిత్వం కాదు; అది ఈ సంచికలోనే వేరే పేజీల్లో కావలసినంత దొరుకుతుంది. చిన్ననాడు కళ్లముందు జరిగిందేదో లోపల గడ్డకట్టి, పుస్తకం తెరిచిన ప్రతిసారీ అడ్డం వచ్చి నిలబడుతుందే, దాని సంగతి.

నాది మక్తల్. తెలియనివారి కోసం చెబుతున్నాను: హైదరాబాదు నుంచి రాయచూరు పోయే దారిలో, కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టే చోటుకు దగ్గరి ఊరు. 2019 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నది. పక్కనే ఏరు పారినా పొట్ట చేతబట్టుకొని వలసపోయిన సీమ మాది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ఎక్కడెక్కడి ఆనకట్టలకో రాళ్లెత్తిన "పాలమూరు లేబర్" మావాళ్లే. తర్వాత బొంబాయి, పూనా మేడలకు ఇసుక మోసిందీ మావాళ్లే. తల్లిదండ్రులు బస్సెక్కితే పిల్లలు అవ్వ దగ్గర మిగిలేవారు. బాకీ కోసం వాకిట్లో నిలబడి అరిచిన మేస్త్రీని చూసిన పిల్లలు, పనికాడ సారువ మీంచి పడ్డ నాయన శవమై ఊరికి రావడం చూసిన పిల్లలు, తాగొచ్చినవాడు అమ్మను కొడుతుంటే గోడకు అతుక్కుపోయిన పిల్లలు ఎట్లనో పదో తరగతి గట్టెక్కి, హాస్టల్ సీటు సంపాదించి, మన తరగతి గదుల్లో చివరి బెంచీ మీద కూర్చుంటున్నారు. వాళ్లు పాఠం వినకపోతే మనం అడిగేది ఒక్కటే: "ఏందిరా, నీకేం రోగం?"

ఈ ప్రశ్నను మార్చుకోమంటున్నది ఇవాళ్టి మనోవైద్యం. "నీకేమైంది బిడ్డా?" అన్న దృష్టితో మనిషిని చూడమంటున్నది. గాయం ఎరిగి చేసే కౌన్సెలింగ్ అంటే అదే. చిత్రమేమంటే, అక్కడ ఆ ప్రశ్నను కూడా తొందరపడి పైకి అడగరు. ముందు కూర్చున్న చోట భయం లేకుండా చేస్తారు. చెప్పాలా వద్దా, ఎంత చెప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గాయపడ్డవాళ్ల చేతిలోనే ఉంచుతారు. జరిగింది పదిసార్లు చెప్పించడమంటే పుండును పదిసార్లు గెలకడమే గదా! మన చట్టానికీ ఈ జ్ఞానం కొంత కలిగింది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, బాధిత బాలల వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. సాక్ష్యానికని బిడ్డను మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం కూడా ఈ ఆలోచనలోంచి వచ్చిందే. పోలీసు, వైద్యం, న్యాయసలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద ఉంటే బాధితురాలు నాలుగు గడపల్లో నాలుగుసార్లు ఏడవనవసరం లేదు.

ఇక బొమ్మల సంగతి. విపరీతమైన భయం గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు "నోట మాట రాలేదు" అంటారు. ఇది ఉత్త అలంకారం కాదు. పెద్ద దెబ్బ తగిలిన జ్ఞాపకం చాలామందిలో వరుసగా చెప్పగలిగే కథలాగా ఉండదు. ఒక వాసన, ఒక చప్పుడు, తలుపు సందులోంచి కనబడిన ఒక ముక్క, అంతే. అలాంటివాణ్ణి "మొదటి నుంచి చెప్పు" అంటే ఏం చెబుతాడు? చేతికి రంగో, మట్టో ఇస్తే మాటకంటె ముందు చెయ్యి కదులుతుంది.

క్షయరోగంతో శానిటోరియంలో పడివున్న ఆడ్రియన్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు బొమ్మలు వేస్తూ తేరుకొని, పక్క మంచాలవాళ్ల చేతా వేయించాడు. 1942లో "ఆర్ట్ థెరపీ" అన్న పేరు పెట్టింది ఆయనే. అదే సంవత్సరం చివర ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణిని నాజీలు టెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడి పిల్లలకు ఆమె బొమ్మలు నేర్పింది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. అంతకుముందు రెండు పెట్టెల్లో దాచిన పిల్లల బొమ్మలు దాదాపు 4,500 మిగిలాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది మిగలలేదు. బొమ్మ ప్రాణం కాపాడుతుందని నేననను. ఆ శిబిరంలో సైతం ఒక గంటసేపు పిల్లవాడు ఖైదీగా కాక పిల్లవాడిగా ఉండగలిగాడు. నాకు ఆ గంట చిన్నదిగా కనిపించదు.

ఇదంతా పరదేశపు సరుకని ముఖం చిట్లించేవారికి మా ఇసుర్రాయి పాటలు గుర్తుచేస్తాను. అత్తింట్లో నోరెత్తలేని కోడలు రాయి తిప్పుతూ సీతమ్మ కష్టాలు పాడేది. ఆ కష్టాలు ఎవరివో వినేవాళ్లందరికీ తెలుసు. "నీ సంగతేనా?" అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. తన బాధను సీతమ్మ మీద పెట్టి, కాస్త దూరం నుంచి చూసుకునే సౌకర్యం ఆమెకు పాట ఇచ్చింది. ఆర్ట్ థెరపీ నిపుణులు పెద్ద పుస్తకాల్లో చెప్పే రహస్యాల్లో ఇదొకటి. మా జిల్లా దామరగిద్ద నుంచి దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయించే బుర్రవీణ ఎండిన సొరకాయ బుర్ర, వెదురు కలిసిన వాద్యం. ఆ బుర్రవీణ ముందు తల వంచుకొని కళ్లు తుడుచుకుంటే ఊళ్లో ఎవరూ కారణం అడగరు. పిండి గిర్నీలు వచ్చి ఇసుర్రాళ్లు మూలపడ్డాయి, మంచిదే, ఆ చాకిరీ ఎవరికి కావాలి? కాని ఆ పాట చేసిన పనిని దేనికి అప్పగించాం?

మన కళాశాలలో బొమ్మలంటే వక్తృత్వం పక్కన జరిగే చిత్రలేఖనం పోటీ. విషయం "పర్యావరణ పరిరక్షణ", సమయం గంట, మొదటి బహుమతి స్టీలు టిఫిను. దానితో నాకు తగాదా లేదు. ఇంకో ప్రమాదమే పెద్దది. రెండు వ్యాసాలు చదివిన ఉత్సాహవంతులు బొమ్మ చూసి జాతకం చెప్పడం. నల్లరంగు వాడితే నిరాశ అట! మా కృష్ణ ఒడ్డు పిల్లవాడు చేను గీస్తే నల్లగానే గీస్తాడు, అది నల్లరేగడి గనుక. లేదా డబ్బాలో ఆ ఒక్క రంగే మిగిలి ఉండవచ్చు. బొమ్మకు అర్థం గీసినవాడు చెప్పాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. తెలియక గాయం కదిలించి, గంట కొట్టగానే "సరే, రేపు చూద్దాం" అనే అధ్యాపకుడి కంటె ఏమీ అడగని అధ్యాపకుడే మేలు.

కాబట్టి శిక్షణ పొందిన మనిషి కావాలి. ఇది మన యూనియన్ వేడుకోలు కాదు. విశాఖపట్నంలో 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పిన మాట: వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు తగిన శిక్షణ ఇవ్వాలి. 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్న రాష్ట్రం మనది. ఈ మాట మనకు కొత్తగా ఎవరూ వివరించనక్కరలేదు. ఆ మనిషి వచ్చేదాకా 14416 నంబరు ఉన్నది. టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది, పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు తెలుగులో మాట్లాడవచ్చు. హాస్టల్ గోడల మీద సినిమా పోస్టర్ల పక్కన ఈ నంబరు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

యూనియన్ సోదరులకూ, అక్కచెల్లెళ్లకూ నా కోరిక ఒక్కటి. వచ్చే ఏడు బడ్జెట్టులో ఒక గది అడగండి. అది ప్రిన్సిపాల్ గారి ఆఫీసు పక్కన ఉండగూడదు; లోపలికి పోయేవాళ్లను నలుగురూ చూస్తారు. కాగితాలు, రంగులు, కాస్త బంకమట్టి, కుండలో మంచినీళ్లు చాలు. మార్కులు వద్దు, బహుమతులు వద్దు. అక్కడ గీసిన బొమ్మ గీసినవాడిదే. ఇంటికి తీసుకపోతానంటే తీసుకపోనివ్వండి, చింపేస్తానంటే చింపేయనివ్వండి. నోటీసు బోర్డుకు మాత్రం అంటించకండి.