బిగుసుకోలేదు, పట్టేసింది

మా హాస్టల్ సైకిల్ స్టాండులో ఓ మూల పాత సైకిళ్ల కుప్ప ఉంటుంది, చూసే ఉంటారు. నాదీ అందులో చేరిపోవాల్సిందే. అక్క స్కూలుకి తొక్కిన సైకిల్ అది. నేను అక్క కంటే పొడుగు కదా, హ్యాండిల్ రెండంగుళాలు లేపుదామని మొదలుపెట్టా.

హ్యాండిల్ కింద ఫోర్క్ గొట్టంలోకి దిగే రాడ్డుని స్టెమ్ అంటారు. పైనున్న బోల్టు లూజ్ చేశా. స్టెమ్ కదల్లేదు. ఇద్దరం కలిసి లాగాం, ఊహూ! రిపేరు షాపులో ఫోర్క్‌తో సహా మార్చాలన్నారు. ఫ్రెండ్స్ కొత్తది కొనెయ్ అన్నారు.

మా వాచ్‌మన్ తాత మాత్రం ఓసారి కదిపి చూసి, "బిగుసుకోలేదమ్మా, పట్టేసింది" అన్నారు. నా ఇంగ్లిష్ మీడియం బుర్రకి రెండూ 'స్టక్' అవ్వడమే. కానీ బిగుసుకున్నదాన్ని వదులు చేస్తే చాలు, పట్టేసినదాన్ని విడిపించాలి.

విషయం ఏంటంటే, బోల్టు చివర ఏటవాలుగా కోసిన ఇనప ముక్క ఉంటుంది. బోల్టు బిగిస్తే అది పైకి జరిగి గొట్టం గోడని నొక్కి పట్టుకుంటుంది. బోల్టు వదులైనా ఆ ముక్క పట్టు వదలదు. అందుకే బోల్టు మొత్తం తీసేయకుండా, నాలుగైదు చుట్లు వదులు చేసి, తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టాలి. అప్పటికీ రాకపోతే అది తుప్పు పని. స్టెమ్ గొట్టంలోకి దిగేచోట ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పాలి. లాగడం కాదు, తిప్పడం.

మర్నాడు సాయంత్రం కిర్రుమని కదిలింది! తుప్పు గీకి, గ్రీజు రాసి, స్టెమ్ మీది హద్దు గీత బయటపడకుండా చూసుకుని బిగించా.

నా మాట ఒక్కటే. ప్రోగ్రామ్ ఆగిపోతే ఎర్రర్ చదువుతాం గానీ లాప్‌టాప్ పారేయం. మరి సైకిల్‌ని ఎందుకు పారేస్తున్నాం? ఆ కుప్పలో నిజంగా పాడైనవెన్నో, ఊరికే పట్టేసినవెన్నో ఎవరైనా చూశారా? స్టాండు దగ్గర రెండు స్పానర్లు, ఓ సుత్తి, ఆయిల్, గ్రీజు పెట్టమని కాలేజీని అడుగుదాం.

టైమ్ ఎక్కడిది అంటారా? నాకు పట్టింది రెండు సాయంత్రాలు. మిగతా పనంతా నేను నిద్రపోతుంటే ఆయిలే చేసింది.