ఇల్లు మారిన వేసవి



ఈ మాసము మేము పచ్చళ్లను గూర్చి గాని వడియములను గూర్చి గాని వ్రాయబూనలేదు. మాయింట జరిగిన యొక సంగతిని మీతో చెప్పుకొనవలెనని యున్నది. సంగతి చిన్నదే. కాని అందు మేము చేసిన పొరపాట్లు రెండు కలవు. ఇది చదివిన వారిలో ఒక్కరైనను వానిని తప్పించుకొన్నచో మా శ్రమ వ్యర్థము కానేరదు.

బడిపంతుళ్ల కుటుంబములకు బదిలీ క్రొత్తది కాదు. మొన్నటి వేసవిలో మావారికి ప్రొద్దుటూరినుండి పులివెందులకు బదిలీ యైనది. ప్రొద్దుటూరిలో తొమ్మిది సంవత్సరములు ఒకే యింట నుంటిమి. పెన్న యొడ్డున ముక్తిరామేశ్వరుని గుడి, దసరా దినములలో కన్యకాపరమేశ్వరి యలంకారములు, బంగారు అంగళ్ల వీథిలోని సందడి, ఇవన్నియు మా పిల్లలకు ఊహ తెలిసినప్పటినుండి పరిచితములు. సామాను మూటగట్టబోగా ఇన్నేండ్లు కంటబడని వస్తువులన్నియు బయటపడినవి. మూతలు లేని గిన్నెలు కొన్ని, గిన్నెలు లేని మూతలు కొన్ని, చెవి యూడిన ఇత్తడి చెంబొకటి! వానిలో దేనిని విడుచుటకును మాకు మనసొప్పలేదు.

మూటగట్టుటకు వీలుకాని ప్రాణి యొకటి మాయింట నుండెను. అది మా పిల్లి. ఒడలంతయు తెల్లగా నుండుటచే మా యమ్మాయి దానికి మల్లి యని పేరు పెట్టినది. దానిని వెంట గొనిపోవుటయా, అచ్చటనే విడుచుటయా యని ఇంట చర్చ పుట్టినది.

"కుక్క మనిషిది, పిల్లి ఇంటిది. దీన్ని ఈడనే విడిచిపెట్టండి. పక్కింటోళ్లు పాలు పోస్తారు" అని మా యత్తగారు చెప్పిరి.

మావారు నవ్వి, "స్వర్గమునకు పోవునప్పుడు సైతము ధర్మరాజు కుక్కను విడువలేదు. పులివెందులకు పోవుట కొక పిల్లిని విడిచెదమా?" అనిరి.

"ఆ కుక్క తనంతట తాను వెంట వచ్చింది నాయనా! దీన్ని మీరు బుట్టలో కట్టి తీసకపోతారు" అని ఆమె యూరకుండిరి.

ఆ మాటను మేము అప్పుడు తేలికగా గొంటిమి. పిల్లలు ఏడ్చుచుండిరి. బుట్టకు గుడ్డ కట్టి మల్లిని తీసికొనియే బయలుదేరితిమి.

పులివెందులలో ఇల్లు కుదురుటకు ఆలస్యమగుటచే, వేసవి సెలవులు ముగియువరకు జమ్మలమడుగులో మా పుట్టింట నుంటిమి. అచ్చట మా తల్లిగారు పిల్లిని చూచినతోడనే ధాన్యపు గదిలో పెట్టి తలుపు మూసిరి. అది పండుకొను పాత బొంత యొకటి, ఇసుక తట్ట యొకటి, నీళ్లు, పాలు, అన్నము అన్నియు అందే యుంచిరి. పదునైదు దినములు దానిని గడప దాటనీయలేదు. అది రాత్రులు అరచుచుండగా మాకు జాలి కలిగెడిది. ఆమె మాత్రము చలింపలేదు. పదునారవ దినమున అన్నము వేళకు ముందు, ఆకలితో నుండగా తలుపు తెరచిరి. అది పెరడంతయు తిరిగి, పళ్లెము చప్పుడు వినబడగానే లోనికి వచ్చినది. అటుపిమ్మట ఆ యిల్లు దానిదే యైనది. పిల్లి పిల్లలను ఏడిండ్లు త్రిప్పు నన్న సామెత మనకు తెలిసినదే. ఈసారి మేమే పిల్లిని త్రిప్పుచుంటిమి గదా యని అందరమును నవ్వుకొంటిమి.

ఆ నెలదినములు మాకు మిక్కిలి సుఖముగా గడచినవి. ఒక దినము తెల్లవారుజామున పెరుగన్నము, నిమ్మకాయ పులిహోర కట్టుకొని గండికోటకు పోయితిమి. ఎఱ్ఱమల కొండలను నిలువున చీల్చుకొని పెన్న పారుచుండగా, ఆ లోయ యంచున పెమ్మసానివా రేలిన దుర్గము నిలిచియున్నది. ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియర్ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను 1652లో కలిసికొన్నది ఇచ్చటనే యని మావారు పిల్లలకు చెప్పిరి. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారము చూచితిమి. పిల్లలకు వీనియన్నిటికంటె పావురముల గోపురము నచ్చినది. "రాజులు గూడ పక్షుల కిల్లు కట్టించిరి" అని మా యబ్బాయి సంతోషించెను. అమ్మాయి తన పెరుగన్నములో ఒక ముద్ద మల్లికొఱకు దాచి ఇంటికి దెచ్చినది. మరొక సాయంకాలము మైలవరము ఆనకట్టకు పోయి చీకటిపడువరకు గట్టుపై గూర్చుంటిమి.

జూన్ నెలలో బడులు తెరచుటకు ముందు సామానుతో ముద్దనూరు మీదుగా పులివెందుల చేరితిమి. పులిమందల యను పేరే పులివెందుల యైనదని కొందరందురు. పులుల యూరికి పిల్లితో పోవుచున్నామని మావారు దారి పొడవున పరిహసించుచునే యుండిరి.

క్రొత్త యింట సర్దుకొను తొందరలో పిల్లికి వేరుగా గది యిచ్చుటకు వీలు చిక్కలేదు. వీలు చేసికొనలేదనుటయే నిజము. మూడవ దినమున అది వాకిలి తలుపు గీరుచు అరచుచుండగా, జమ్మలమడుగులో కుదురుకొన్నది గదా, ఇక్కడను కుదురుకొనునని తలచి మేమే తలుపు తీసితిమి. అది గోడ దాటి పోయినది. మరల రాలేదు. ఐదు దినములు వీథి వీథియు వెదకితిమి. ఆరవ దినమున పాలుపోయునాయన వచ్చి, ముద్దనూరు దారిలో తెల్లపిల్లి యొకటి బండి క్రిందపడి చచ్చియున్నదని చెప్పెను. మావారు పోయి గోనెపట్టాలో చుట్టి తెచ్చిరి. పిల్లలు లేవకముందే పెరటిలోని వేపచెట్టు క్రింద పూడ్చితిమి.

అది మేము వచ్చిన దారి. దిక్కు తెలిసి పోయినదో, కేవలము యాదృచ్ఛికమో మేము చెప్పజాలము. నాటి మధ్యాహ్నము మా తల్లిగారికి ఫోను చేయగా, "గదిలో పెట్టలేదామ్మా?" అని ఒక్క మాట అడిగిరి. దానికి మేము బదులు చెప్పలేకపోయితిమి. ఇది మా మొదటి పొరపాటు.

రెండవది అంతకంటె పెద్దది. మల్లి అమ్మమ్మగారింటికి తిరిగిపోయినదని అమ్మాయికి చెప్పితిమి. ఏడేండ్ల పిల్ల మనసు నొచ్చుకొనరాదని మా యుద్దేశము. అది మొదలు ఆమె అమ్మమ్మతో ఫోనులో మాటాడినప్పుడెల్ల మల్లిని గూర్చి యడుగును. ఎన్నడును అబద్ధమాడని మా తల్లిగారు మావలన ఒకనాడు నిద్రించుచున్నదనియు, ఒకనాడు ఎలుకకై పొంచియున్నదనియు కల్పించి చెప్పవలసివచ్చినది. కొంతకాలమునకు అమ్మాయి అడుగుట మానినది. మరచిపోయినదని మేము సంతోషించితిమి.

శ్రావణమాసమున ఒక శనివారము వేంపల్లె సమీపమున గల గండికి వీరాంజనేయస్వామి దర్శనమునకు పోయితిమి. పాపఘ్ని కొండల నడుమ త్రోవ చేసికొని వచ్చు స్థలమది. శ్రీరాముడు బాణపు మొనతో ఆంజనేయుని రూపమును రాతిపై గీసెనని స్థలపురాణము. రామునకు స్వాగతముగా వాయుదేవుడు ఆ రెండు కొండలకు బంగారు తోరణము కట్టెననియు, అంత్యకాలము సమీపించిన పుణ్యాత్ములకు అది కనబడుననియు చెప్పుదురు. మద్రాసు గవర్నరు మన్రో దొరకు అది కనబడెనని ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు. ఆయన 1827 జూలైలో పత్తికొండ యొద్ద కలరాచే మరణించెను. ఈ కథను మావారు ఇసుకలో గూర్చుండి చెప్పుచుండగా అమ్మాయి మా కొంగు పట్టుకొని మెల్లగా, "అమ్మా, మన మల్లికి ఆ తోరణం కనపడిందా?" అని యడిగినది.

మేము దాచినది దాగలేదని అప్పుడు తెలిసినది. అచ్చటనే యున్న దున్నట్లు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "పూడ్చేటప్పుడు నన్నెందుకు లేపలేదు?" అని మాత్రము అడిగి ఏడ్చినది. మా యబ్బాయి తల వంచుకొని, తాను నాడు కిటికీలోనుండి అంతయు చూచితినని చెప్పెను. పెద్దలు దాచుచున్నారు గదా యని పదకొండేండ్ల బాలుడు రెండు నెలలు ఆ బరువును ఒంటరిగా మోసెను. మా యబద్ధము పిల్లల నిద్దరిలో ఎవరికిని మేలు చేయలేదు. వారి యేడుపు చూడలేని మాకే అది మాటైనది.

ఆ సాయంకాలము నలుగురమును వేపచెట్టు క్రిందికి పోయితిమి. అమ్మాయి పళ్లెములో పాలు తెచ్చి అచ్చట పోసినది. అత్తగారు ఒక మల్లెయంటు నాటించిరి. ముందే చెప్పితిని గదా యని ఆమె నాటికిని నేటికిని మమ్ము ఒక్క మాట యనలేదు.

ఇల్లు మారబోవు సోదరీమణులకు మా మనవి యిది. పిల్లిని తీసికొనిపోదురేని క్రొత్త యింట తొలుత దానికొక గది యేర్పరుపుడు. దాని పాత పడక దానికి వేయుడు. రెండు మూడు వారములైనను బయటికి విడువకుడు. అది అరచినను, పిల్లలు వేడినను మనసు గట్టి చేసికొనుడు. ప్రాణి పోయినప్పుడు పిల్లలకు నిజమే చెప్పుడు, వారినిగూడ దగ్గర నుండనిండు. వారు ఏడ్తురు. మనమును వారితో కూర్చుండి ఏడువవచ్చును. అందు తప్పు లేదు.

మొన్న పక్కయింటివారు పిల్లికూన నొకదానిని ఇచ్చెదమనిరి. అమ్మాయి చాలసేపు ఆలోచించి, "మల్లె పూసినాక చూద్దాం" అనినది. మేమును సరే యంటిమి.

వచ్చు మాసమున దసరా బొమ్మల కొలువును గూర్చి ముచ్చటించుకొందము.