గుమ్మంలోకి వచ్చే విద్యావార్తలు

దక్షిణ అండమాన్ జిల్లా ఫెర్రార్‌గంజ్ తాలూకాలోని తుష్నాబాద్ గ్రామంలో, పన్నెండవ తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయిని ఒకరు ఉన్నారనుకోండి. ఆ ద్వీపాల పాఠశాలలు సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమాన్ని అనుసరిస్తాయి. ఆ మండలి కార్యాలయం సముద్రానికి ఆవల, ఢిల్లీలో ఉన్నది. పరీక్షల తేదీలు ఒకచోట, ఉపకార వేతనాల ప్రకటనలు మరొకచోట, బోధనానుభవాలు వివరించే బ్లాగులు వేరొకచోట వెలువడుతాయి. ప్రతిదినం పది వెబ్‌సైట్లు తెరచి చూసే తీరిక ఎవరికి ఉంటుంది? చూడని నాడే గడువు ముగిసిపోతే నష్టపోయేది విద్యార్థి.

ఈ చిక్కుకు చక్కని పరిష్కారం 'ఫీడ్'. కొత్త రచన ప్రచురించినప్పుడల్లా దాని శీర్షిక, తేదీ, చిరునామా, క్లుప్త సారాంశం ఒక చిన్న అక్షరపత్రంలో చేర్చే ఏర్పాటు కొన్ని వెబ్‌సైట్లలో ఉంటుంది. 'ఫీడ్ రీడర్' అనే ఉపకరణం ఆ పత్రాలను అప్పుడప్పుడు పరిశీలించి, కొత్తవాటిని ఒకే పట్టికగా చూపుతుంది. చందా కట్టిన పత్రిక గుమ్మంలోకి వచ్చినట్లే వార్త తానే వస్తుంది. అయితే ఈ చందాకు సాధారణంగా రుసుము ఉండదు.

ఈ పద్ధతి పుట్టుకలో భారతీయుని పాత్ర ఉన్నది. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన రామనాథన్ గుహా, డాన్ లిబ్బీతో కలిసి 1999లో నెట్‌స్కేప్ సంస్థలో 'ఆర్.ఎస్.ఎస్.'కు తొలిరూపం ఇచ్చారు. తెలుగువారికీ ఇది కొత్త కాదు. తెలుగు బ్లాగులు వికసించిన తొలినాళ్లలో 'కూడలి' అనే వేదిక అనేక బ్లాగుల కొత్త టపాలను ఒక్కచోట చేర్చి పాఠకులకు అందించింది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయింది. అంతకు పూర్వం అక్కడి ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదనే ఆధారపడేది. వేగం పెరిగినా ఫీడ్ ప్రయోజనం తగ్గలేదు. అది కేవలం అక్షరాల మూట గనుక మందకొడి లైనులోనూ త్వరగా దిగుతుంది. కొన్ని రీడర్లలో దానిని భద్రపరచుకొని, సంకేతం లేనప్పుడు కూడా చదువుకోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది స్వేచ్ఛ. సామాజిక మాధ్యమాలలో ఏది ముందు కనిపించాలో సంస్థల గణనసూత్రాలు నిర్ణయిస్తాయి. ఫీడ్‌లో ఎవరిని చదవాలో పాఠకుడే నిర్ణయిస్తాడు. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పుడు కూడా పాఠకులు తమ పట్టికలను వెంటబెట్టుకొని వేరే రీడర్లకు మారగలిగారు.

మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ఫీడ్లీ, ఇనోరీడర్ వంటి రీడర్‌లో వెబ్‌సైటు చిరునామా చేర్చితే, ఫీడ్ ఉన్నపక్షంలో సాధారణంగా అదే వెదకి పట్టుకుంటుంది. నారింజరంగు చతురస్రంలో చుక్క, దానిపై రెండు తెల్లని వంపు గీతలు ఫీడ్‌కు గుర్తు. అయితే ఫీడ్ వార్తను మోసుకువస్తుందే కాని దాని సత్యానికి పూచీపడదు. అన్ని కార్యాలయాలకూ ఫీడ్ ఉండదు. అటువంటి వాటిని స్వయంగా చూడక తప్పదు. వందలకొద్దీ చేర్చుకుంటే మళ్లీ పాత గందరగోళమే. నమ్మదగిన ఐదారింటితో ప్రారంభించడం మేలు.

ఉదయం పాఠశాలకు బయలుదేరే ముందు పది నిమిషాలు ఆ పట్టిక చూసే ఉపాధ్యాయిని తన తరగతికి కొత్త విషయంతో వెళుతుంది. గడువు తేదీ నల్లబల్లపై సకాలంలో కనబడితే, సముద్రం ఎంత వెడల్పయినా ఆ పిల్లలకు అడ్డు కాదు.