565 కొట్టింది బ్యాటా, చెయ్యా?

మన హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక నడిచే డిబేట్లు మూడే మూడు: ప్లేస్‌మెంట్లు, సినిమాలు, షటిల్ బ్యాట్లు. ఈ సెమ్‌లో మూడోది మొదటి రెండింటినీ మింగేసింది. ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్ గొప్పదా, నానోఫ్లేర్ 1000 జెడ్ గొప్పదా? యోనెక్స్ మేలా, లీ నింగ్ మేలా, విక్టర్ మేలా? ఒకడు ఒక రివ్యూ వీడియో చూపిస్తే, ఇంకొకడు దానికి పోటీగా ఇంకో వీడియో తీస్తాడు. పదిహేను, పదహారు వేలు పలికే బ్యాట్ల కోసం రెండు వేల బ్యాట్లు పట్టుకున్నవాళ్ళు కొట్టుకోవడం చూడ్డానికి సరదాగానే ఉంటుంది.

సరదాగా లేనిది కూడా ఒకటుంది. మొన్న టీమ్ ట్రయల్స్‌కి ఒక ఫస్టియర్ కుర్రాడు పేరే ఇవ్వలేదు. నెట్ దగ్గర వాడు వేసే డ్రాప్‌కి సీనియర్లకే కాళ్ళు తడబడతాయి. ఎందుకు ఇవ్వలేదురా అంటే, "నా దగ్గిర అట్లాంటి బ్యాట్ లేదు కదన్నా" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నా. బ్యాట్లను పోల్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మనం పోల్చే పద్ధతి తప్పు. ఆ పద్ధతి వల్ల ఆడగలిగినవాళ్ళు కోర్టు బయట నిలబడిపోతున్నారు.

ముందు ఒక మాట ఒప్పుకుందాం: ఈ బ్యాట్ల మధ్య తేడాలు నిజంగానే ఉన్నాయి. రూల్స్ ప్రకారం బ్యాట్ పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మిల్లీమీటర్లు దాటకూడదు. బరువు ఇంత ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. కంపెనీలు ఆడుకునేది ఆ ఖాళీలోనే. 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84, 5యూ అంటే 75 నుంచి 79. పక్కపక్క రకాల మధ్య తేడా ఒక నాణెం బరువంత.

అసలు కథ ఆ బరువు ఎక్కడ ఉందన్నదాంట్లో ఉంది. సుత్తిని కర్ర చివర పట్టుకుని ఊపి చూడండి, తర్వాత తిప్పి ఇనుము వైపు పట్టుకుని ఊపండి. బరువు అంతే, కానీ మొదటిసారి చెయ్యి లాగేస్తుంది, రెండోసారి గాల్లో తేలుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివిన మొమెంట్ ఆఫ్ ఇనర్షియా ఇదే: చేతి నుంచి దూరం రెట్టింపైతే, అదే గ్రాముకి తిప్పే కష్టం నాలుగింతలు. యోనెక్స్‌లో ఆస్ట్రాక్స్ సిరీస్ తల బరువు, నానోఫ్లేర్ తల తేలిక, ఆర్క్‌సేబర్ మధ్యస్తం. తల బరువు ఉంటే వెనకనుంచి స్మాష్‌కి ఊపు దొరుకుతుంది. తల తేలిక అయితే డబుల్స్‌లో ముఖమ్మీదికి వచ్చే కాక్‌ని అడ్డుకోవడానికి బ్యాట్ టైముకి లేస్తుంది.

మూడోది షాఫ్ట్ గట్టిదనం. స్వింగ్ వేగంగా ఉంటే షాఫ్ట్ వెనక్కి వంగి, కాక్ తగిలే క్షణానికి తిరిగి నిటారుగా వస్తుంది. గట్టి షాఫ్ట్ త్వరగా తిరిగొస్తుంది కాబట్టి వేగమున్న చేతికి గురి బాగా కుదురుతుంది. వేగం లేని చేతిలో అది వంగనే వంగదు. దెబ్బ అంతా మోచేతికీ భుజానికీ ఎక్కుతుంది. పై ధరల బ్యాట్లలో చాలావాటికి ఈ గట్టి షాఫ్టే ఉంటుంది. అంటే పదహారు వేలు పెట్టి మనం కొనేది చాలాసార్లు మన చేతికి ఇంకా రాని వేగం కోసం చేసిన వస్తువు.

ఇక్కడ అందరూ సాత్విక్ పేరు ఎత్తుతారు. ఎత్తాల్సిందే. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నాడు. పదేళ్ళుగా మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు పోయింది. మన కారిడార్లో ఆ వార్త ఎలా మారిందంటే, "1000 జెడ్ కొడితే 565 పోతుంది మచ్చా!"

ఆ రికార్డు మన డిబేట్‌కి చెప్పేది వేరే. స్మాష్ అంటే తల బరువు ఉండాల్సిందే అని వాదించేవాళ్ళు చూడండి, సాత్విక్ చేతిలో ఉన్న నానోఫ్లేర్ 1000 జెడ్ తల తేలిక సిరీస్‌ది. టాన్ 2013లో వాడిన నానోరే జెడ్ స్పీడ్ కూడా ఆ బాపతుదే. రెండూ కంపెనీ కొత్త బ్యాట్ తెచ్చిన సందర్భాలే, రెండూ మ్యాచ్‌లో కాకుండా కొలత కోసమే కొట్టిన దెబ్బలు. పైగా ఆ వేగం కాక్ గట్‌ని వదిలిన క్షణానిది. ఈకల కాక్ అవతలి కోర్టు చేరేలోపే గాలికి సగానికి పైగా వేగం పోగొట్టుకుంటుంది.

సింధు సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 2016లో రియోలో రజతం తెచ్చినప్పుడు ఆమె యోనెక్స్ మనిషి. 2019 మొదట్లో లీ నింగ్‌తో ఒప్పందం చేసుకుని, అదే ఏడు ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. టోక్యో కాంస్యం కూడా ఆ తర్వాతే. కంపెనీ మారింది, ఆ పొడవాటి చెయ్యి మారలేదు. పైస్థాయి ఆటగాళ్ళ చేతిలో ఏ బ్రాండ్ ఉందన్నది కాంట్రాక్టు నిర్ణయిస్తుంది. దాన్ని చూసి మనం బ్రాండ్లకి ర్యాంకులు ఇవ్వడం, హీరో యాడ్ చూసి బనియన్ కొన్నట్టే.

సీఎస్‌ఈ వాళ్ళం కదా, మన భాషలో చెప్తా. రెండు ల్యాప్‌టాప్‌లు పోల్చాలంటే ఏం చేస్తాం? ఒకే ప్రోగ్రామ్, ఒకే డేటా, మిగతావన్నీ సమానంగా ఉంచి టైమ్ చూస్తాం. ఒకదాంట్లో 8 జీబీ ర్యామ్, ఇంకోదాంట్లో 32 పెట్టి "ఈ ప్రాసెసర్ సూపర్" అంటే ల్యాబ్‌లో నవ్వుతారు. బ్యాట్ల విషయంలో మాత్రం రోజూ అదే చేస్తున్నాం. ఒక బ్యాట్‌కి 0.70 మిల్లీమీటర్ల బీజీ 65 గట్, 22 పౌండ్ల టెన్షన్. పక్కదానికి 0.65 మిల్లీమీటర్ల బీజీ 66 అల్టిమాక్స్, 27 పౌండ్లు. రెండూ చెరో పది దెబ్బలు కొట్టి, "దీని ఫ్రేమ్‌లో పవర్ ఉంది" అని తీర్పు ఇచ్చేస్తాం. కాక్‌కి తగిలేది ఫ్రేమ్ కాదు, గట్. టెన్షన్ పెరిగేకొద్దీ గట్ తనంతట తాను కాక్‌ని విసరడం తగ్గుతుంది, సరిగ్గా తగలాల్సిన జాగా కూడా చిన్నదవుతుంది. స్టార్లు 30 పౌండ్ల దాకా వేయించుకుంటే అది వాళ్ళ మణికట్టుకి సరిపోతుంది. మనకి 22, 23 పౌండ్లలోనే కాక్ ఎక్కువ దూరం పోతుంది, అదీ తక్కువ కష్టంతో.

తర్వాత కాక్. మా వెంకటగిరికోట వైపు ఆట ఎలా ఉంటుందో చెప్తే అర్థమవుతుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు, స్కోరు మూడు భాషల్లో వినిపిస్తుంది. రెండు గుంజలు, ఒక నెట్, ముగ్గుపిండితో గీతలు, పైన ఒక ఎల్‌ఈడీ బల్బు. ఆషాఢం గాలి లేచిందంటే సర్వీస్ ఎటు పోతుందో కొట్టినవాడికే తెలీదు. అక్కడ ఆడేది నైలాన్ కాక్‌తో. ఒక్కటి వారం రావాలి. ఈకల కాక్‌లో 16 ఈకలు, బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. రెండు గేమ్‌లు గట్టిగా ఆడితే ఈకలు విరుగుతాయి. రోజూ కొనే స్తోమత ఎవరికుంది? ఈకల కాక్ మొదట దూసుకుపోయి చివర్లో గబుక్కున ఆగుతుంది, నైలాన్‌ది వేరే దారి. ఇండోర్‌లో ఈకల కాక్‌తో ఎవరో చేసిన రివ్యూ, బయట గాల్లో నైలాన్ కాక్‌తో ఆడేవాడికి ఎంతవరకు పనికొస్తుంది?

కాక్‌ని పరీక్షించడానికి రూల్స్‌లోనే ఒక పద్ధతి ఉంది. వెనక గీత మీద నిలబడి కింది నుంచి పూర్తి బలంతో కొడితే, అది అవతలి వెనక గీతకి 530 నుంచి 990 మిల్లీమీటర్ల ఇవతల పడాలి. మా వైపులాగా ఎత్తైన ప్రాంతంలో గాలి పల్చన కాబట్టి అదే కాక్ ఇంకాస్త దూరం పోతుంది. అందుకే కాక్‌ల మీద వేగం గుర్తులు ఉంటాయి, నైలాన్ కాక్ పట్టీ రంగు కూడా అదే చెప్తుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్తం, ఎరుపు వేగం. మనలో ఎంతమంది ఆ రంగు చూసి కొంటున్నాం? బ్యాట్‌లో ఐదు గ్రాముల కోసం రాత్రంతా కొట్టుకుంటాం, కాక్ మాత్రం షాపువాడు ఏది ఇస్తే అదే.

"అయితే అల్యూమినియం బ్యాట్‌తోనే ఆడుకోమంటావా?" అని అడుగుతారు. కాదు. ఆరేడొందల అల్యూమినియం బ్యాట్ నుంచి రెండు రెండున్నర వేల గ్రాఫైట్ బ్యాట్‌కి మారితే తేడా మొదటి రోజే తెలుస్తుంది. బరువు తగ్గుతుంది, షాఫ్ట్ వంగుతుంది, చెయ్యి నొప్పి తగ్గుతుంది. ఆ మెట్టు ఎక్కాల్సిందే. అక్కణ్ణుంచి పదహారు వేలకి ఎక్కితే మనలాంటి వాళ్ళకి దొరికేది చాలా కొంచెం. డబుల్స్‌లో పార్ట్‌నర్ బ్యాట్‌కి తగిలి ఫ్రేమ్ చీలితే ఆ కొంచెం కూడా పోతుంది. మంచి బ్యాట్ పట్టుకుంటే ఆడాలనే ఉత్సాహం వస్తుందన్న వాదన నిజమే, సొంత డబ్బుతో కొనుక్కునేవాణ్ణి నేను ఆపను. కానీ మా ఊరి మార్కెట్లో టమాటా బాక్సు వందకి పడిపోయిన రోజున ఆ బ్యాట్ అంటే నూట అరవై బాక్సులు. ఇంట్లో ఆ లెక్క వేసుకునే పిల్లలు మన పక్క రూముల్లోనే ఉన్నారు. "ఆ బ్యాట్ లేనిదే ఆటే లేదు" అని మనం గట్టిగా అరిస్తే, వాళ్ళు అది నిజమనుకుంటారు.

కాబట్టి స్పోర్ట్స్ క్లబ్‌కి నా సూచనలు మూడు. ఒకటి, ట్రయల్స్‌కి నాలుగు కామన్ బ్యాట్లు పెట్టండి. అన్నీ 4యూ, ఒకే గట్, ఒకే టెన్షన్. కావాలన్నవాళ్ళు వాటితో ఆడతారు. రెండు, ఈ ఏడు డబ్బు ఖరీదైన బ్యాట్ల మీద కాకుండా ఈకల కాక్‌ల మీద, గట్టింగ్ మీద పెట్టండి. మంచి కాక్‌తో నెల రోజులు ఆడినవాడికి ఏ బ్యాట్ కావాలో వాడికే తెలుస్తుంది. మూడు, సొంతంగా కొనేవాళ్ళకి: ముందు నాన్ మార్కింగ్ షూ, తర్వాత చేతికి తగిన గట్, ఆ తర్వాతే బ్యాట్. మడమ మెలిక పడితే ఏ బ్యాటూ నిలబెట్టదు.

డిబేట్ మాత్రం ఆపొద్దు, పద్ధతి మార్చుదాం. మీ ఆస్ట్రాక్సులు, నానోఫ్లేర్లు, రెండు వేల బ్యాట్లు అన్నీ శనివారం సాయంత్రం కోర్టుకి తీసుకురండి. అన్నిటికీ ఒకే గట్, ఒకే టెన్షన్ వేయిద్దాం, బ్రాండ్ పేరు మీద నల్ల టేప్ చుట్టేద్దాం. ఒక్కొక్కరు ఒక్కో దాంతో ఇరవై క్లియర్లు, ఇరవై స్మాష్‌లు కొట్టి, ధర ఎంతో చెప్పండి. ఆ ఫస్టియర్ కుర్రాణ్ణి కూడా పిలిచా, వస్తానన్నాడు. ఏ బ్యాట్ ఇచ్చినా వాడి డ్రాప్ తీసి చూపించండి.