క్రియాటినిన్‌తో పాటు ఆ రెండు పరీక్షలూ చేయించండి

ఉద్దానంలో కాళ్లు వాచినా, మూత్రంలో నురగ కట్టినా అందరిదీ ఒకటే మాట: నీళ్ల వల్లే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్‌కు తిరిగి తిరిగి అలసిపోయిన కుటుంబాలను చూసినవాళ్లం, ఆ మాట ఎందుకొస్తుందో మాకు తెలుసు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధనలోనూ తేలలేదు. అయితే ఊళ్లో ఉన్న ప్రతి కిడ్నీ జబ్బునూ దాని లెక్కలోనే రాసేస్తే, మందు ఉన్న జబ్బు కూడా మందు లేకుండానే ముదిరిపోతుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు తెచ్చే కిడ్నీ జబ్బు అలాంటిదే.

ఈ వైరస్‌లు కాలేయంతో ఆగవు. మన కిడ్నీ వడపోత గుత్తుల్లో మెసాంజియల్ కణాలుంటాయి. వైరస్ జాడ పసిగట్టే కాపలా గ్రాహకాలు వాటిలో పుట్టుకతోనే ఉంటాయి. వాటిలో ఒకటైన టీఎల్ఆర్-3 వైరస్‌ల జంటపోగు ఆర్ఎన్ఏను గుర్తుపడుతుంది. హెపటైటిస్ సి వల్ల కిడ్నీ వాచిన రోగుల్లో ఈ గ్రాహకం మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తోందని 2006లో జర్మనీ పరిశోధకులు చూపారు. అది మేల్కొనగానే కణాలు రసాయన సంకేతాలు పంపి తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. నాలుగు రోజుల జ్వరానికైతే ఆ కాపలా మేలే చేస్తుంది. హెపటైటిస్ సి ఏళ్ల తరబడి రక్తంలో తిరుగుతుంది కాబట్టి పిలుపు ఆగదు, వాపు తగ్గదు. చివరికి వడపోత చిల్లులుపడి ప్రొటీన్, రక్తం మూత్రంలోకి కారతాయి.

ఇక్కడే ఒక గుర్తు పట్టుకోవాలి. ఉద్దానం జబ్బు ఎక్కువగా కిడ్నీ నాళికలను పాడుచేస్తుంది. మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు. మీ రిపోర్టులో ప్రొటీన్ బాగా పోతోందని ఉంటే హెపటైటిస్ సంగతేమిటని డాక్టరుగారిని అడగండి. కళ్లు పచ్చబడలేదు కదా అని ధీమా పడకండి. హెపటైటిస్ సి సోకినవాళ్లలో చాలామందికి పచ్చకామెర్లు రానే రావు.

వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ పరీక్ష మరీ ముఖ్యం. ఒంట్లో హెపటైటిస్ బి అణిగి ఉంటే స్టెరాయిడ్‌తో ఒక్కసారిగా విజృంభించవచ్చు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ముప్పు రెండో వైపు నుంచీ ఉంది: డయాలసిస్ దగ్గరే వైరస్ సోకవచ్చు. ఈ వైరస్‌లు రక్తం ద్వారా పాకుతాయి. ఎండిన రక్తపు మరకలో హెపటైటిస్ బి వారం రోజులు బతికి ఉంటుంది. శ్రీకాకుళమైనా విజయనగరమైనా, ఏ డయాలసిస్ కేంద్రంలోనైనా ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరకు వెళ్లే ముందు గ్లవ్స్ మార్చారా అని అడిగే హక్కు రోగికి ఉంది. అడగండి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో సూది వేయించుకునేటప్పుడు సిరంజి కొత్త ప్యాకెట్టు మీ కళ్లముందే విప్పించండి.

హెపటైటిస్ సికి టీకా లేదు. కానీ సాధారణంగా 12 వారాల మాత్రలతో 100 మందిలో 95 మందికి నయమవుతుంది, డయాలసిస్ రోగులూ వాడే మందులున్నాయి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. హెపటైటిస్ బికి టీకా ఉంది. 1997లోనే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ దాన్ని తయారుచేసి సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. డయాలసిస్ రోగికి మామూలుకు రెట్టింపు మోతాదు కావాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక టీకా సరిగా పట్టదు, అందుకే క్రియాటినిన్ పెరగడం మొదలైన రోజుల్లోనే వేయించుకోవాలి.

ఇవాళే మీ రిపోర్టుల కవరు విప్పి చూడండి. హెపటైటిస్ బిని పట్టే హెచ్‌బీఎస్ ఏజీ, సిని పట్టే యాంటీ హెచ్‌సీవీ అన్న రెండు పరీక్షల పేర్లు అందులో కనిపించకపోతే, ఈసారి క్రియాటినిన్‌కు రక్తం ఇచ్చేటప్పుడు ఆ రెండూ రాయించుకోండి.