ఎవరి భద్రత కోసం ఈ స్నేహం?

మా పట్టణంలో పోలీసులూ వర్తక సంఘమూ కలిసి పెట్టిన సభకు మహిళా సంఘం తరఫున నన్నూ పిలిచారు. పిలుపు కాగితం మీద "నేర నియంత్రణలో వ్యాపారుల భాగస్వామ్యం" అని ఉంది. కల్యాణ మండపంలో సభ. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిదింటిలోనూ మగవాళ్ళే. బంగారం షాపుల వారు, బట్టల షాపుల వారు, లాడ్జీల యజమానులు, మధ్యలో పోలీసు అధికారి. నాకు కింద ముందు వరసలో కుర్చీ వేసి, వందన సమర్పణకు ముందు రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆ రెండు ముక్కల్లో ఇమడనిదే ఇక్కడ రాస్తున్నాను.

గంటన్నర సేపు నేరం గురించి మాట్లాడారు. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను: గొలుసు దొంగతనాలు, తాళం వేసిన ఇళ్ళలో చోరీలు, షాపుల్లో చేతివాటం, మోటారు సైకిళ్ళ మాయం, ఒడిశా వైపు నుంచి వచ్చే గంజాయి. భార్యను కొట్టడం ఆ జాబితాలో లేదు. కట్నం చావు లేదు. పనిచేసే చోట ఆడపిల్ల మీద చెయ్యి వేయడం లేదు. కూలి ఎగ్గొట్టడం అసలే లేదు. వ్యాపారికి నష్టం కలిగితే నేరం, వ్యాపారి వల్ల నష్టం కలిగితే అది "ఇంటి గొడవ" లేదా "లేబర్ మేటర్". పోలీసులకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు, కానీ దానికి ఒక సభ, బానర్, శాలువాలు తోడయ్యేసరికి అది ప్రభుత్వ విధానంలా కనిపించడం మొదలుపెట్టింది.

ఒక వ్యాపారి లేచి, పట్టణంలో గంపలు పెట్టుకుని తిరిగే ఆడవాళ్ళ, చెత్త ఏరుకునే ఆడవాళ్ళ ఫొటోలు తీసి స్టేషన్లో పెట్టాలన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు స్టువర్టుపురం గుర్తొచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశాక, 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఆ సెటిల్‌మెంటు వెలిసింది. ఎరుకల కుటుంబాలను అక్కడ కట్టడి చేశారు. చీరాల పొగాకు కంపెనీకి అక్కడినుంచి చవగ్గా కూలీలు దొరికారు, పోలీసులకు అందరూ ఒకే చోట కళ్ళెదుట దొరికారు. నేరం తగ్గించడానికి పోలీసులూ వ్యాపారమూ చెయ్యి కలపడం కొత్త ఆలోచనేమీ కాదు, వందేళ్ళు దాటిన పాత ఏర్పాటే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఫొటోలు అడిగిన పెద్దమనిషికి ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

మన ప్రాంతానికి ఈ స్నేహం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. అంతకుముందు పార్వతీపురం ఏజెన్సీ అంతా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. షావుకార్లు చింతపండుకూ అడ్డాకులకూ దొంగ తూకాలు వేసి, అప్పుల కింద భూములు రాయించుకుంటుంటే గిరిజనులు సంఘం పెట్టుకున్నారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో సంఘం మహాసభకు వెళ్తున్న వాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితుల మీద కేసు నిలవలేదు, మరుసటి ఏడాదే విడుదలయ్యారు. ఆ తర్వాత ఏజెన్సీలో దిగిన పోలీసు బలగాలు ఎవరికి అండగా నిలిచాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు.

ఇది పాత కథ అంటారేమో. 2010 జూలై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కంపెనీ పనులు మొదలుపెట్టించడానికి పోలీసులు దిగారు. అడ్డుకున్న రైతులూ మత్స్యకారులూ ఇద్దరు కాల్పుల్లో చనిపోయారు. ముందు వరసలో దెబ్బలు తిన్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అంటే పోలీసులు కాపలా కాసిన పనికి ఆ సాయంత్రానికి అనుమతే లేదు! ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరిలో, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరో థర్మల్ కంపెనీ కోసం మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు.

ఇక కెమెరాల సంగతి. 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు తమ ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టుకోవాలి, దృశ్యాలు 30 రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. హైదరాబాదులో "నేను సైతం" పేరుతో కాలనీల దగ్గరా కంపెనీల దగ్గరా విరాళాలు తీసుకుని కెమెరాలు పెట్టారు. సైబరాబాదులో ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి పెట్టుకున్న భద్రతా మండలి ఉద్యోగినుల కోసం షీ షటిల్ బస్సులు నడిపింది. అది మంచి పనే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఉద్యోగిని అపార్టుమెంటు కట్టడానికి మన టెక్కలి, పలాసల నుంచి వలస వెళ్ళిన ఇసుక మోసే ఆడమనిషి ఆ బస్సెక్కలేదు. భద్రత కూడా ఐడీ కార్డు చూసి ఇచ్చేదయింది.

మా పట్టణంలో ఏం జరిగిందో చెప్తాను. బట్టల షాపులో పనిచేసే ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. (కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మా దగ్గర ఒక స్టూలు అడిగితే "పని మానేసి ఇంట్లో కూర్చో" అన్నారు.) స్టాకులో రెండు పట్టుచీరలు తగ్గాయి. యజమాని వర్తకుల–పోలీసుల వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టాడు. పది నిమిషాల్లో కానిస్టేబులు వచ్చాడు. మా బస్తీలో ఆడమనిషి తల పగిలి ఫోన్ చేస్తే ఎంతసేపటికి వస్తారో మాకు తెలుసు.

అమ్మాయిని రాత్రి ఏడున్నరకి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. మేం వెళ్ళేసరికి బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. "నానేటీ తియ్యలేదప్పా, కెమెరాలో సూడమనండప్పా" అంది నన్ను చూడగానే. అధికారిని కాగితం అడిగాను. "కంప్లయింటేం లేదమ్మా, ఊరికే అడగడానికి పిలిచాం" అన్నాడు. కంప్లయింటే లేకపోతే రాత్రిపూట ఆడపిల్లను స్టేషన్లో ఎలా కూర్చోబెడతారు? సాక్షిగా అడగాలంటే ఆడమనిషిని ఆమె ఇంటి దగ్గరే అడగాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెప్తోంది, దానికి ముందున్న 160వ సెక్షనూ అదే చెప్పింది. నిందితురాలంటారా, నోటీసు ఇవ్వాలి. అరెస్టంటారా, అసాధారణ పరిస్థితి ఉండి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉంటే తప్ప పొద్దుగుంకాక ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు, అదీ మహిళా అధికారే చేయాలి. ఇవన్నీ చెప్తే ఆయన నవ్వి, "మీరు చాలా చదివారు మేడం" అన్నాడు. పదిగంటలకు ఒగ్గేశారు. మూడో రోజున ఆ చీరలు రెండో బ్రాంచికి వెళ్ళిన మూటలో దొరికాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. అమ్మాయి ఉద్యోగం పోయింది. పట్టణంలో మరే షాపూ పనిలోకి తీసుకోలేదు, ఎందుకంటే ఆ గ్రూపులో అన్ని షాపుల వాళ్ళూ ఉన్నారు.

అంతకు నాలుగు నెలల ముందు అదే షాపులో మరో అమ్మాయి గోడౌన్ సూపర్‌వైజరు గురించి మాతో మొర పెట్టుకుంది. మేం వెళ్ళి కెమెరా దృశ్యాలు అడిగాం. గోడౌన్ కెమెరా పనిచెయ్యట్లేదన్నారు. కౌంటరు కెమెరా మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అది ఎవరు ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్ళారో లెక్క పెడుతుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం. ఎన్ని షాపుల్లో ఉందని సభలో అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన, "మా దగ్గర పనిచేసే వాళ్ళంతా మా ఇంటి ఆడపిల్లల్లాంటి వాళ్ళేనమ్మా" అన్నాడు. ఇంటి ఆడపిల్లలకు ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలిసిన వాళ్ళం కనుక మాకు ఆ మాట ధైర్యం ఇవ్వలేదు.

స్టేషన్లో ఆ రెండున్నర గంటల దృశ్యాలూ కావాలని అర్జీ పెట్టాం. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్లోనూ గుమ్మం నుంచి లాకప్ దాకా కెమెరాలు ఉండాలనీ, మాటలు కూడా రికార్డు కావాలనీ, 18 నెలలు దాచాలనీ ఆదేశించింది. ఐదేళ్ళ తర్వాత, 2025లో, స్టేషన్లలో కెమెరాలు పనిచెయ్యడం లేదని అదే కోర్టు మళ్ళీ తనంతట తానుగా విచారణ చేపట్టవలసి వచ్చింది. మా అర్జీకి జవాబు రాలేదు. వాకపల్లి ఆదివాసీ స్త్రీల కేసు మనందరికీ గుర్తుంది. 2007లో గ్రేహౌండ్స్ మీద అత్యాచార ఆరోపణ చేస్తే, 2023లో కోర్టు దర్యాప్తు సరిగ్గా జరగలేదంటూనే పోలీసులను విడుదల చేసి, బాధితులకు పరిహారం ఇమ్మంది. తమ మీద దర్యాప్తును పాడుచేసుకోగలిగిన వాళ్ళ చేతికి పట్టణంలోని కళ్ళన్నీ అప్పగిస్తున్నాం.

వేదిక మీద నుంచి ప్రకటించిన విరాళాల్లో ఒక మద్యం షాపు యజమానివి మూడు కెమెరాలు. అక్కడ నాకు నవ్వు ఆగలేదు. దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ళు వేలంపాటలు ఆపుతుంటే కాంట్రాక్టర్ల తరఫున కాపలా కాసింది పోలీసులే. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో అది ఎత్తివేత. 2024 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా 3,396 దుకాణాలు ప్రైవేటు వాళ్ళకిచ్చారు. మా దగ్గరకొచ్చే ప్రతి కొట్లాట కేసులో సీసా ఉంటుంది. ఆ సీసా అమ్మేవాడు నేర నియంత్రణ దాత.

ఇంత రాశాక మా సంఘంలోనే వచ్చిన అభిప్రాయ భేదం దాచడం న్యాయం కాదు. బస్సు కాంప్లెక్సు పక్కన టిఫిన్ బండి పెట్టుకునే మా సభ్యురాలు మీటింగులో లేచి, "కెమెరా పెట్టిన కాడి నుంచి తాగుబోతుల అల్లరి తగ్గింది. లైటు కూడా ఎలుగుతోంది. మీరొద్దంటే ఎలాగప్పా?" అంది. ఆమె చెప్పింది నిజం. రాత్రి పదింటికి బస్సు దిగే ఆడమనిషికి వెలుతురు కావాలి, పిలిస్తే పలికే పోలీసూ కావాలి. నేను మొదట రాసిన తీర్మానంలో "కెమెరాలు తొలగించాలి" అని ఉంటే, ఆమె మాట మీద కొట్టేశాను. తర్వాత పండగ ముందు, ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయాలని వర్తకులు అడిగారని ఆమె బండినే ఎత్తుకుపోయారు. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వీధి వ్యాపారులను కదిలించకూడదని 2014 చట్టం. కెమెరా స్తంభం మాత్రం అక్కడే ఉంది, బండి ఎత్తుకెళ్ళడం అందులో రికార్డయ్యే ఉంటుంది.

మేం వర్తక సంఘానికీ పోలీసు అధికారికీ ఒకే కాగితం ఇచ్చాం. ప్రతి షాపులో ఫిర్యాదుల కమిటీ పేర్లు గోడ మీద రాయాలి. వాట్సాప్ కబురు మీద ఏ ఆడమనిషినీ స్టేషన్‌కి పిలవకూడదు. పిలిస్తే ఆ స్టేషన్ దృశ్యాలు ఆమెకు ఇవ్వాలి. షాపు కెమెరా దృశ్యాలు యజమాని ఫిర్యాదుకు ఎంత త్వరగా బయటికొస్తాయో పనిమనిషి ఫిర్యాదుకూ అంత త్వరగా రావాలి. భాగస్వామ్య కమిటీలో సేల్స్ అమ్మాయిలు, వీధి వ్యాపారులు సగం ఉండాలి. పోయిన ఉద్యోగం ఆ అమ్మాయికి తిరిగి ఇవ్వాలి.

కాగితం ఇచ్చి నాలుగు నెలలయింది. ముద్ర వేసిన నకలు మా దగ్గరుంది. వచ్చే నెల అదే కల్యాణ మండపంలో రెండో సభ అని మళ్ళీ పిలుపు వచ్చింది, మధ్యాహ్నం మూడు గంటలకట. షాపుల్లో పనిచేసే పిల్లలు వస్తామంటున్నారు కనుక సభను రాత్రి తొమ్మిదిన్నరకు మార్చమని మేం ఉత్తరం రాశాం.